బొడ్డు చీము కీలుకు పాకితే: తొమ్మిది రోజుల గుర్రప్పిల్లలో యాంటీబయోటిక్ చికిత్స (కేస్ స్టడీ)

తల్లి ఆరేళ్ల మార్వారీ సంకరం, పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రం. తొలిచూలు. కోనసీమలో వైనతేయ పాయ ఒడ్డున ఉన్న లంక గ్రామంలో, కొబ్బరితోటలోని తాటాకు పాకలో ఆగస్టులో ఈనింది. వరద తీసి వారం దాటినా పాక నేల ఇంకా చెమ్మగానే ఉంది. కింద వరిగడ్డి పరిచారు కానీ అది తడిసి ముద్దయి, మూత్రం వాసన కొడుతోంది.

పిల్ల ఆడది. తొమ్మిదో రోజున చూపించారు. వెనక ఎడమకాలు నేల మీద మోపడం లేదు, హాక్ కీలు (వెనకకాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చే కీలు) ఉబ్బింది, పాలు సరిగా తాగడం లేదు. రెండు రోజులుగా జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్ 80 మి.గ్రా. వయల్ రోజుకొకటి చొప్పున కండకు పడింది, దాంతోపాటు నొప్పి, జ్వరం తగ్గించే మెలాక్సికామ్ కూడా. మొదటి రోజు కాస్త కుంటు తగ్గినట్టు కనిపించి, మూడో రోజుకు పూర్తిగా పడకేసింది.

పుట్టుక దగ్గరే మొదలైన లోపం

ఇలాంటి కేసులో మందు పేరు కంటే ముందు అడగాల్సింది పుట్టిన రాత్రి సంగతి. మామూలుగా గుర్రప్పిల్ల గంటలోపు లేస్తుంది, రెండు గంటల్లోపు చన్ను పట్టి తాగుతుంది. తల్లికి మూడు గంటల్లోపు మాయ పడిపోతుంది. ఈ పిల్ల లేవడానికే నాలుగు గంటలు పట్టింది. తల్లి తొలిచూలు కావడంతో దగ్గరికి రానివ్వలేదు. తెల్లారాక ఇద్దరు పట్టుకుని తాగించారు.

అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి అడిగితే గానీ బయటపడలేదు. ఈనడానికి నాలుగైదు రోజుల ముందు నుంచే తల్లి పొదుగు నుంచి పాలు ధారగా కారాయట. మంచి పాలున్న గుర్రమని ఇంట్లోవాళ్లు సంతోషించారు. కారిపోయినవి జున్నుపాలు. గుర్రంలో రోగనిరోధక ప్రోటీన్లు మాయ దాటి పిల్లకు చేరవు, జున్నుపాల ద్వారానే అందాలి. పిల్ల పేగు వాటిని పీల్చుకునే గడువు 18 నుంచి 24 గంటలు, అందులోనూ మొదటి ఆరేడు గంటల్లో ఎక్కువ. ఈ పిల్లకు పాలు అందేసరికి వాటిలో సారం లేదు, పేగులోనూ సగం గడువు అయిపోయింది.

బొడ్డుకు పసుపు, బూడిద కలిపి రాశారు. అది ఎండి పెచ్చులా కట్టింది. లోపల చీము.

పరీక్షలో కనిపించినవి

బరువు 42 కిలోలు. కంటి అంచనా కాదు, ధాన్యం బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాటా మీద నిలబెట్టి చూసిన బరువు. డెల్టాలో కాటా లేని ఊరు ఉండదు కాబట్టి గుర్రప్పిల్ల బరువును ఊహించి మందు వేయడానికి సాకు లేదు. జ్వరం 102.4 ఫారెన్‌హీట్. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు 102 దాకా ఉండవచ్చు కాబట్టి ఈ అంకె చూసి తేలిగ్గా తీసుకోవచ్చు. కానీ ముందు రోజు మెలాక్సికామ్ పడింది, ఆ అంకెను నమ్మకూడదు. గుండె నిమిషానికి 128, శ్వాస 52. చిగుళ్లు ముదురు ఎరుపు. తల్లి పొదుగు బిగిసి, చనుమొనల నుంచి పాలు చుక్కలుగా కారుతున్నాయి. పిల్ల తాగడం లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

గ్లూకోమీటరులో 58, తక్కువే. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3.

బొడ్డు మొదలు వేలు మందాన ఉబ్బి, నొక్కితే నొప్పి. అల్ట్రాసౌండ్‌లో ఎడమ బొడ్డు ధమని 1.6 సెం.మీ., లోపల మబ్బు మబ్బుగా ద్రవం. సిర మామూలుగానే ఉంది. హాక్ కీలు వేడిగా, ముందు వైపు సంచి బంతిలా. ఎక్స్‌రేలో ఎముకకు దెబ్బ కనిపించలేదు. అయితే ఎముక కరగడం ఎక్స్‌రేలో కనిపించడానికి వారం, పది రోజులు పడుతుంది, మొదటి ఫిల్మ్ బాగుందని ఊరట పడకూడదు.

జున్నుపాల నుంచి అందాల్సిన రోగనిరోధక ప్రోటీన్ ఐజీజీ ఎంత ఉందో చూడటానికి గ్లుటరాల్డిహైడ్ గడ్డకట్టే పరీక్ష చేశారు. అర మి.లీ. సీరంలో 10 శాతం గ్లుటరాల్డిహైడ్ 0.05 మి.లీ. కలిపి గడియారం చూడటమే. పది నిమిషాల్లోపు గడ్డకడితే ఐజీజీ 800 మి.గ్రా. (డెసిలీటరుకు) పైన, గంటలోపు కడితే 400 నుంచి 800 మధ్య, గంట దాటినా కట్టకపోతే 400 లోపు. ఈ సీరం గంట తర్వాత కూడా నీళ్లలాగే ఉంది.

కీలు నుంచి తీసిన ద్రవం పలచగా, మసకగా వచ్చింది. మంచి కీలు ద్రవం లేత పసుపుగా, సూది మొన నుంచి తీగలా సాగుతుంది. దీనిలో ప్రోటీన్ 4.8 గ్రా., తెల్లకణాలు 62,000, అందులో 92 శాతం న్యూట్రోఫిల్స్, అంటే చీములో ఉండే రకం. సూక్ష్మజీవులకు రంగు వేసి చూసే గ్రామ్ స్టెయిన్‌లో ఎర్రటి కడ్డీలు, అంటే గ్రామ్ నెగటివ్ జాతి.

రెండు రోజుల సూది ఎందుకు పనిచేయలేదు

80 మి.గ్రా.ను 42 కిలోలకు పంచితే కిలోకు 1.9 మి.గ్రా. రెండు వారాల లోపు గుర్రప్పిల్లకు జెంటామైసిన్ కిలోకు సుమారు 12 మి.గ్రా. కావాలి. అంటే ఒకే మోతాదుకు 500 మి.గ్రా., ఆరు వయళ్లు. పెద్ద గుర్రానికి కిలోకు 6.6 మి.గ్రా. చాలు. చిన్న పిల్లకు తక్కువ కావాలి కదా అనిపిస్తుంది, నిజానికి తిరకాసు ఇక్కడే ఉంది. పసిపిల్ల ఒంట్లో నీటి భాగం ఎక్కువ. ఈ జాతి మందులు ఆ నీటిలో పరుచుకుని రక్తంలో గాఢత పడిపోతుంది. జెంటామైసిన్, అమికాసిన్ లాంటివి సూక్ష్మజీవిని చంపేది ఆ శిఖర గాఢతతోనే. శిఖరం అందకపోతే రోజంతా మందు ఉన్నా ఉపయోగం లేదు, పైగా మూత్రపిండాలకు మాత్రం చేరుతూనే ఉంటుంది. అందుకే ఒకేసారి పెద్ద మోతాదు, మధ్యలో 24 గంటల ఖాళీ.

కండకు వేయడం రెండో లోపం. రక్తప్రసరణ మందగించిన పిల్లలో కండ నుంచి మందు ఎప్పుడు, ఎంత ఎక్కుతుందో చెప్పలేం. మూడోది, నీళ్లు తగ్గిన పిల్లకు నొప్పి మందు, జెంటామైసిన్ కలిపి ఇస్తే మూత్రపిండాలకు రెండు వైపులా దెబ్బ. ఈ పిల్ల క్రియాటినిన్ పెరగకపోవడం అదృష్టమే.

మొదటి రోజు

మందు పడకముందే నమూనాలు తీయాలన్నది నియమం. ఇక్కడ ఆ అవకాశం అప్పటికే పోయింది. చివరి జెంటామైసిన్ వేసి 24 గంటలు కావస్తుండగా రక్తం, కీలు ద్రవం తీసి, కీలు ద్రవాన్ని పిల్లలకు వాడే బ్లడ్ కల్చర్ సీసాలోనే ఎక్కించారు. ఉట్టి స్వాబ్ మీద పంపిస్తే చాలాసార్లు ఏమీ పెరగదు. సీసాలు ఐస్‌లో పెట్టకూడదు, గది వేడిలోనే రాజమహేంద్రవరం ల్యాబ్‌కు చేరాయి.

మెడనరంలో 16 గేజి పొడవాటి కాథెటర్ పెట్టి కుట్టారు. మనుషుల చేతికి పెట్టే పొట్టి కాన్యులా గుర్రప్పిల్ల మెడలో రెండో రోజుకు బయటకు జారుతుంది, మందు చర్మం కింద చేరి నరం గట్టిపడుతుంది. రింగర్స్ లాక్టేట్ 840 మి.లీ. (కిలోకు 20) అరగంటలో, తర్వాత 5 శాతం డెక్స్‌ట్రోజ్ గంటకు 200 మి.లీ. 25 శాతం డెక్స్‌ట్రోజ్‌ను ఒక్కసారిగా తోస్తే గ్లూకోజ్ ఎగిరి, గంటకల్లా మొదటికంటే కిందికి పడుతుంది.

యాంటీబయోటిక్స్ ఇలా మొదలయ్యాయి. అమికాసిన్ 1000 మి.గ్రా., అంటే 500 మి.గ్రా. వయళ్లు రెండు (కిలోకు 24 మి.గ్రా. దగ్గర), 100 మి.లీ. సెలైన్‌లో కలిపి అరగంటలో, రోజుకొకసారి. ఆంపిసిల్లిన్ సోడియం 1 గ్రాము నరానికి, 8 గంటలకొకసారి. గ్రామ్ నెగటివ్‌కు మొదటిది, స్ట్రెప్టోకాకస్ జాతికి రెండోది. క్రిస్టలైన్ పెన్సిలిన్ కూడా సరైన ఎంపికే కానీ 6 గంటలకొకసారి వేయాలి. లంకలో రాత్రి రెండు గంటల మోతాదు ఎవరు వేస్తారు? తప్పిపోయే మోతాదు కంటే తప్పకుండా పడే ఆంపిసిల్లిన్ మేలు. పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 అని టైములు పెట్టి పాక గుంజకు కాగితం అతికించారు. ఆంపిసిల్లిన్ కలిపిన గంటలోపు వాడేయాలి. అమికాసిన్‌తో ఒకే సిరంజిలో, ఒకే లైనులో కలపకూడదు, ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. మధ్యలో 10 మి.లీ. సెలైన్‌తో లైను కడగాలి.

టెటనస్ యాంటీటాక్సిన్ 1500 యూనిట్లు వేశారు. బొడ్డు మీద బూడిద చూశాక ఇది వాయిదా వేసే పని కాదు.

నొప్పికి మొదటి రెండు రోజులు బ్యూటార్ఫనాల్ మాత్రమే. ఒంట్లో నీళ్లు నిండి, మూత్రం బాగా వచ్చాక మెలాక్సికామ్ కిలోకు 0.6 మి.గ్రా., రోజుకొకసారి.

పాలు: తల్లి నుంచి పిండి రెండు గంటలకొకసారి 350 మి.లీ. పోశారు. రోజుకు బరువులో పదో వంతు, రోగంలో ఉన్న పిల్లకు ఇది కనీసం. కోలుకున్న పిల్ల దీనికి రెట్టింపు తాగుతుంది. పడుకోబెట్టి, తల ఎత్తి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చప్పరించే శక్తి లేని పిల్లకు ముక్కు గొట్టమే దారి.

ప్లాస్మా

ఐజీజీ లేని పిల్లకు యాంటీబయోటిక్ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే, మందు సూక్ష్మజీవుల సంఖ్య తగ్గిస్తుంది, మిగిలినవాటిని ఏరేసేవాళ్లు ఒంట్లో ఉండరు. తొమ్మిదో రోజున జున్నుపాలు పట్టినా లాభం లేదు. ప్లాస్మా ఎక్కించాల్సిందే.

దాత అదే యజమాని దగ్గరున్న విత్తులు కొట్టిన గుర్రం, 320 కిలోలు, గ్లాండర్స్, ఇన్‌ఫెక్షియస్ ఎనీమియా అనే అంటురోగాలు రెండింటికీ నెగటివ్ రిపోర్టులున్నది, ఎన్నడూ రక్తం ఎక్కించుకోనిది. ఈనిన గుర్రాలను దాతగా తీసుకోకూడదు. వాటి రక్తంలో పిల్ల ఎర్రకణాలను పగలగొట్టే యాంటీబాడీలు ఉండొచ్చు. మనుషుల బ్లడ్ బ్యాంకు 450 మి.లీ. డబుల్ బ్యాగులు ఆరు నింపారు. గుర్రపు ఎర్రకణాలు చాలా త్వరగా కిందకు దిగుతాయి, సెంట్రిఫ్యూజ్ లేకుండానే బ్యాగులు నిలువుగా వేలాడదీస్తే ఒకటి రెండు గంటల్లో పైన పసుపు ప్లాస్మా తేరుకుంటుంది. దాన్ని రెండో బ్యాగులోకి మెల్లగా నొక్కాలి. సుమారు 1.3 లీటర్లు వచ్చింది.

ఫిల్టరు ఉన్న బ్లడ్ సెట్‌తోనే ఎక్కించాలి. మొదటి 15 నిమిషాలు చుక్క చుక్కగా. వణుకు, గుండె వేగం, చర్మం మీద దద్దుర్లు కనిపిస్తే ఆపాలి. ఇక్కడ ఇబ్బంది రాలేదు. మర్నాడు పరీక్షలో అరగంటకు గడ్డకట్టింది.

కీలు కడగడం

కీలు సంక్రమణలో యాంటీబయోటిక్ సగం పనే చేస్తుంది. చీములోని ఎంజైములు మృదులాస్థిని తినేస్తుంటాయి, ఫైబ్రిన్ గడ్డల లోపలికి మందు చేరదు. కడగకుండా ఎంత ఖరీదైన సూది వేసినా పిల్ల బతికి, కాలు పోతుంది.

డయాజిపామ్ 4 మి.గ్రా., బ్యూటార్ఫనాల్ 2 మి.గ్రా. నరానికి ఇచ్చి పక్కకు పడుకోబెట్టారు. వెంట్రుకలు తీసి క్లోర్‌హెక్సిడిన్‌తో ఐదు నిమిషాలు రుద్ది, స్పిరిట్ తుడిచి, చేతికి స్టెరైల్ గ్లవ్స్. హాక్ ముందు లోపలి సంచిలోకి 16 గేజి సూది, సఫీనస్ సిరను వేలితో పక్కకు తోసి. వెనక బయటి సంచిలోకి 14 గేజి సూది బయటకు పోవడానికి. రింగర్స్ లాక్టేట్ 2 లీటర్లు బ్యాగును నొక్కుతూ తోశారు. ఫైబ్రిన్ ముక్కలు సూదికి అడ్డం పడి ధార ఆగిపోవడం మామూలే. అప్పుడు బలంగా తోస్తే ద్రవం చర్మం కిందకు చేరుతుంది. దిశ మార్చి, వెనక నుంచి ముందుకు తోయాలి. చివర్లో అమికాసిన్ 250 మి.గ్రా. కీలులోనే వదిలారు. ఆ రోజు నరానికి వేసేది 750కి తగ్గించారు. కీలులో వేసినది కూడా రక్తంలోకి వస్తుంది, లెక్కలో కలపాలి.

మూడో రోజు మళ్లీ కడిగేటప్పుడు తెల్లకణాలు 28,000. ఐదో రోజు 9,000. అక్కడితో ఆపారు. మధ్యలో నాలుగో రోజున ముందు కుడికాలి మోకీలు కొద్దిగా ఉబ్బింది. మందు మొదలయ్యాక కూడా రక్తంలో అప్పటికే బయల్దేరిన సూక్ష్మజీవి మరో కీలులో దిగడం కొత్తేమీ కాదు. అందుకే మొదటి వారం రోజూ పొద్దున్నే అన్ని కీళ్లూ చేత్తో తడిమి చూడాలి. ఒక్కసారి కడగడంతోనే మోకీలు తగ్గింది, ఆలస్యం కాలేదు కాబట్టి.

రిపోర్టు వచ్చాక

నాలుగో రోజు ల్యాబ్ నుంచి ఫలితం వచ్చింది. కీలు ద్రవంలో ఈ.కోలై. ఆంపిసిల్లిన్, జెంటామైసిన్, కోట్రిమోక్సజోల్ పనిచేయవు. అమికాసిన్, సెఫోటాక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేస్తాయి.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. సిప్రోఫ్లాక్సాసిన్ చవక, మాత్రగా దొరుకుతుంది, రిపోర్టులో పనిచేస్తుందనే గుర్తుగా ఎస్ అక్షరం ఉంది. అయినా పెరిగే పిల్లకు ఆ కుటుంబం మందులు వద్దు. కీళ్ల మృదులాస్థి దెబ్బతింటుంది, అప్పటికే చీము పట్టిన కీలు ఉన్న పిల్లలో అది మరీ అన్యాయం. పెద్ద గుర్రంలోనూ నోటి ద్వారా సిప్రో చాలా తక్కువగా ఒంటికి పడుతుంది, మిగిలింది పెద్దపేగును పాడుచేస్తుంది. రెండోది, మనుషుల ల్యాబ్ మనుషుల హద్దులతోనే చదువుతుంది. అమికాసిన్‌కు గుర్రప్పిల్లల హద్దు మరింత కఠినం. వీలైతే ఎంఐసీ (సూక్ష్మజీవి పెరగకుండా ఆపే కనీస గాఢత) అంకె అడగాలి. ఇక్కడ వచ్చిన అంకె 2, సరిపోయింది.

ఆంపిసిల్లిన్ ఆపి, సెఫోటాక్సిమ్ జాతిదే అయిన సెఫ్టియోఫర్ కిలోకు 5 మి.గ్రా. 12 గంటలకొకసారి వేశారు. 1 గ్రాము వయల్‌లో 20 మి.లీ. స్టెరైల్ నీరు కలిపితే మి.లీ.కు 50 మి.గ్రా., అంటే 4.2 మి.లీ. కలిపిన వయల్‌ను ఆగస్టు ఉక్కలో పాక చూరులో పెట్టకూడదు, ఫ్రిజ్‌లో ఉంచాలి, గడువు లేబుల్ మీద చూడాలి.

తొమ్మిదో చికిత్స రోజున క్రియాటినిన్ 1.3 నుంచి 1.8కి చేరింది. మామూలు హద్దులోనే ఉందని వదిలేయవచ్చు, కానీ అదే పిల్లలో 0.3 పెరగడమే హెచ్చరిక. అమికాసిన్ ఆపేశారు. రెండు రోజులు ద్రవాలు ఎక్కించాక 1.4కి దిగింది. సెఫ్టియోఫర్ ఒక్కటే, కాథెటర్ తీసేసి కండకు, మొత్తం నాలుగు వారాలు. ఇక్కడ చాలామంది మరిచేది పిల్ల పెరుగుదల. ఇరవయ్యో రోజు కాటా మీద 56 కిలోలు. అప్పటికి మోతాదు 5.6 మి.లీ. ఉండాలి. మొదటి రోజు చీటీలోని 4.2తోనే కొనసాగితే చివరి పది రోజులూ తక్కువ మోతాదే.

చికిత్స రెండో రోజున లద్దె పలచబడింది. పన్నెండు రోజుల లోపు పిల్లలో తల్లి ఎదకు వచ్చే రోజుల్లో ఇది మామూలే. జ్వరం లేదు, చురుకుగా ఉంది, మందు ఆపలేదు. నీళ్లలా పారి, కడుపు ఉబ్బి, చిగుళ్లు నల్లబడితే లెక్క వేరు.

బొడ్డు ధమని ఏడో రోజుకు 1.1 సెం.మీ.కు తగ్గింది. తగ్గకపోయి ఉంటే కోసి తీయడానికి గన్నవరం పశువైద్య కళాశాలకు పంపాల్సి వచ్చేది. కృష్ణా జిల్లా గన్నవరం, మన పి.గన్నవరం కాదు. బండివాడికి ఈ ముక్క విడమరచి చెప్పడం మంచిది.

పక్కనే ఉన్న పెద్ద గుర్రాల విషయంలో

పిల్లకు పనిచేసిన చీటీని తల్లికి అన్వయించకూడదు. అమికాసిన్ పెద్ద గుర్రానికి కిలోకు 10 మి.గ్రా. చాలు. లింకోమైసిన్, క్లిండామైసిన్ పెద్ద గుర్రానికి ఏ రూపంలోనూ ఇవ్వకూడదు, పెద్దపేగు వాపుతో రెండు మూడు రోజుల్లో చస్తుంది. డాక్సీసైక్లిన్ నోటికి పర్వాలేదు కానీ నరానికి వేస్తే అక్కడికక్కడే కూలిపోవచ్చు. ప్రొకైన్ పెన్సిలిన్ కండకే, పొరపాటున నరంలోకి పోతే గుర్రం పిచ్చిగా ఎగిరి గోడకు కొట్టుకుంటుంది. సూది గుచ్చాక వెనక్కి లాగి రక్తం రాలేదని చూడటం ఇందుకే.

ఇదే పిల్ల రెండు నెలలప్పుడు దగ్గుతో, జ్వరంతో వచ్చి ఉంటే అనుమానం గుర్రప్పిల్లల ఊపిరితిత్తుల్లో చీముగడ్డలు కట్టించే రోడోకాకస్ బాక్టీరియా మీదకు పోయేది, చికిత్స అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్ జంట. ఆ జంటలో మాక్రోలైడ్ జాతికి చెందిన అజిత్రోమైసిన్ పిల్లకు సరిగా చెమట పట్టనివ్వదు. మే నెల కోనసీమ ఉక్కలో ఎండన కట్టేస్తే 107 దాకా జ్వరం ఎక్కి చనిపోతుంది, మందు ఇస్తున్నన్ని రోజులూ నీడ, గాలి, మధ్యాహ్నం ఒంటి మీద నీళ్లు ఉండాలి. పిల్ల మూతి, లద్దె నాకే తల్లికి ఆ మందు కొంచెం పోయినా పేగు చెడుతుంది, మందు పట్టాక పిల్ల మూతి కడగాలి. ముక్కు చీమిడి, చర్మం మీద వరసగా గడ్డలు చితికితే మాత్రం ఏ యాంటీబయోటిక్కూ మొదలుపెట్టకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. గ్లాండర్స్ కావచ్చు, అది మనుషులకూ అంటుతుంది.

పది వారాలకు

పిల్ల దుడుకు నడకలో కుంటడం లేదు. హాక్ చుట్టుకొలత రెండో కాలి కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ. ఎక్స్‌రేలో మృదులాస్థి కింద ఎముక నునుపుగా ఉంది.

పాక నేలను అడుగు ఎత్తు లేపి, ఇసుక పోసి, పైన జానెడు మందాన పొడి ఊక వేశారు. తల్లికి వచ్చే చూలులో ఈనడానికి నెల ముందు టెటనస్ టీకా. అప్పటికి పాలు ముందుగా కారితే పిండి పారబోయకుండా, శుభ్రమైన సీసాలో డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పెట్టాలి. చిక్కగా ఉన్నాయో లేదో చెరకు రసం చూసే బ్రిక్స్ రిఫ్రాక్టోమీటరుతో తెలుస్తుంది, 20 కంటే తక్కువ వస్తే వేరే గుర్రం జున్నుపాలు వెతకాలి. రొయ్యల చెరువుల దగ్గర ఉప్పు శాతం చూసే రిఫ్రాక్టోమీటరు దీనికి పనికిరాదు. పుట్టగానే బొడ్డుకు 0.5 శాతం క్లోర్‌హెక్సిడిన్, 2 శాతం మందు ఒక వంతుకు మూడు వంతుల కాచి చల్లార్చిన నీరు కలిపి, రోజుకు మూడు నాలుగు సార్లు, రెండు రోజులు. పుట్టిన 18 గంటలకు రక్తం తీసి గ్లుటరాల్డిహైడ్ పరీక్ష. అప్పటికి గడ్డకట్టకపోతే జ్వరం కోసం ఎదురుచూడకుండా ఆ రోజే ప్లాస్మా.